పాత ఆర్‌ఎక్స్‌కు కొత్త గొట్టం

కొవ్వూరు దగ్గర గోదావరి గట్టెక్కి తాళ్లపూడి, గూటాల, పట్టిసం మీదుగా పోలవరం వెళ్లే దారిలో స్పోర్ట్స్ కారు కనబడిందంటే అది దారి తప్పి వచ్చిందనే అనుకోవాలి. ఒక పక్క ఏరు, ఇంకో పక్క పొలాలు, ఎదురుగా దుమ్ము లేపుకుంటూ ప్రాజెక్టు టిప్పర్లు. ఈ గట్టు మీద 'పాత స్పోర్ట్స్ బండి' అన్న మాటకు తగినది ఒక్కటే, యమహా ఆర్‌ఎక్స్ 100. మలుపు తిరిగి కంటబడక ముందే చెవిన పడుతుంది. తాత కొన్నదో, నాన్న కొన్నదో, ఈమధ్యే లక్షకు పైగా పోసి ఎవరి దగ్గరో తెచ్చుకున్నదో, ఊరికి రెండు మూడు ఉంటాయి. 2018లో అజయ్ భూపతి తీసిన 'ఆర్‌ఎక్స్ 100' సినిమా వచ్చాక, అప్పటిదాకా పశువుల పాకలో మూలన పడి ఉన్నవి కూడా బయటికొచ్చి రంగు వేయించుకున్నాయి.

రంగు పూర్తయ్యాక కుర్రాళ్ల చూపు సామాను మీద పడుతుంది. రేసింగ్ సైలెన్సరు, పెద్ద కార్బొరేటరు, కోన్ ఫిల్టరు, కార్బన్ రీడ్లు, రేసింగ్ సీడీఐ. కంపెనీది కాని విడిభాగాల బజారు ఈ బండికి ఇప్పటికీ పచ్చగా ఉంది, బండి తయారీ ఆగిపోయి ముప్ఫై ఏళ్లవుతున్నా. పాత మజ్డా స్పోర్ట్స్ కారు మీద మక్కువ పడిన అమెరికా కుర్రాడికైనా, పాత ఆర్‌ఎక్స్ మీద మోజు పడిన పోలవరం కుర్రాడికైనా ఈ సామాను చేసే పని ఒకటే. అందులో చాలా భాగం కొత్తగా శక్తిని పుట్టించదు. ఉన్న శక్తిని ఇంజిను తిరిగే ఒక వేగం దగ్గర తీసి, ఇంకో వేగం దగ్గర పెడుతుంది. ఎక్కడ తీసిందో తెలుసుకోకుండా ఎక్కడ పెట్టిందో మాత్రమే చూసి మురిసిపోతే, డబ్బులు పోయినట్టే.

ముందు బండి సంగతి చూద్దాం. 1985 చివర్లో మన మార్కెట్లోకి వచ్చింది, 1996లో ఆగింది. సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. లెక్క కడితే 98 సీసీ. 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. బరువు వంద కిలోలకు కాస్త అటూఇటూ. 1985లోనే వచ్చిన హీరో హోండా సీడీ 100 కూడా దాదాపు అంతే సీసీ, కానీ దాని శక్తి ఏడు, ఏడున్నర హార్స్‌పవర్ దగ్గరే ఆగింది. ఒకే పరిమాణం, ఒకే పెట్రోలు, అయినా ఇంత తేడా. ఎందుకంటే సీడీ 100 ఫోర్ స్ట్రోక్, రెండు తిరుగుళ్లకు ఒకసారి మంట పుడుతుంది. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్, ప్రతి తిరుగుడుకూ మంటే.

ప్రతి తిరుగుడుకూ మంట అంటే రెట్టింపు శక్తి రావాలి కదా, ఒకటిన్నర రెట్ల దగ్గరే ఎందుకు ఆగింది? టూ స్ట్రోక్‌కు ఉన్న జబ్బు అక్కడే ఉంది. ఇందులో పైన తెరుచుకునే వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకే కిటికీల్లాంటి రంధ్రాలు, మెకానిక్కుల భాషలో పోర్టులు. పిస్టన్ కిందికి దిగుతూ ముందు ఎగ్జాస్ట్ పోర్టును తెరుస్తుంది, కాలిన పొగ బయటికి దూకుతుంది. ఇంకాస్త దిగాక పక్కనున్న ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని, కింద క్రాంక్‌కేసులో నొక్కి ఉంచిన కొత్త పెట్రోలు-గాలి మిశ్రమం లోపలికి వస్తుంది. ఆ కాసేపూ రెండు దారులూ తెరిచే ఉంటాయి. కాబట్టి వచ్చిన కొత్త మిశ్రమంలో కొంత, పాత పొగతో పాటే సైలెన్సరులోకి జారుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న పెట్రోలు కాలకుండానే పోతుంది. టూ స్ట్రోక్ బండి వెనకాల నడిస్తే వచ్చే ఆ పచ్చి పెట్రోలు వాసన అదే. 2000 తర్వాత వచ్చిన కాలుష్య నిబంధనలకు టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లు ఒక్కొక్కటిగా తలొగ్గింది కూడా దీని వల్లే.

జారుకున్న మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోపు వెనక్కి తోసేస్తే? ఆ పని చేసేదే సైలెన్సరు. టూ స్ట్రోక్ బండిలో సైలెన్సరు శబ్దం తగ్గించే డబ్బా మాత్రమే కాదు, ఇంజినులో సగం అదే.

ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకున్న క్షణాన సిలిండర్‌లోని పీడనం గొట్టంలోకి ఒక్క దెబ్బగా దూకుతుంది. ఆ దెబ్బ పీడన తరంగమై, పొగ కంటే ముందు, ధ్వని వేగంతో పరుగెడుతుంది. మామూలు గాలిలో ధ్వని సెకనుకు 350 మీటర్ల దాకా వెళితే, సలసలా కాగే పొగలో 500 మీటర్ల దాకా వెళుతుంది. ఇప్పుడు గోదావరి కాలువను తలుచుకోండి. కాలువలో ఊపుగా వస్తున్న అల మూసి ఉన్న లాకు తలుపుకు తగిలితే అలాగే ఎత్తుగా వెనక్కి మళ్లుతుంది. అదే కాలువ ఒక పెద్ద చెరువులోకి విచ్చుకునే చోట అల చప్పబడిపోయి, దాని బదులు ఒక పల్లం వెనక్కి నడుస్తుంది. సైలెన్సరు గొట్టంలోనూ అంతే. గొట్టం వెడల్పయ్యే చోట పీడన తరంగం కొంత భాగం తిరగబడి, ఈడ్పుగా వెనక్కి వస్తుంది. అది సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగడమే కాక, క్రాంక్‌కేసులోంచి కొత్త మిశ్రమాన్ని కూడా లాగుతుంది. కొంత మిశ్రమం గొట్టంలోకి దాటేదాకా లాగుతుంది. ఆ తర్వాత గొట్టం మళ్లీ సన్నబడే చోటికి చేరిన తరంగం పీడనంగానే తిరిగి వచ్చి, దాటిన మిశ్రమాన్ని సిలిండర్‌లోకి తోసేస్తుంది. సరిగ్గా అప్పుడే పిస్టన్ పైకెళ్లి పోర్టును మూసేయాలి. ఇంజినులో కదిలే భాగం ఒక్కటి కూడా కలపకుండా, వట్టి రేకు గొట్టం ఆకారంతో ఇంత పని.

ఈ ఆకారాన్ని లెక్క కట్టి రేసులు గెలిచే స్థాయికి తెచ్చినవాడు వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం నాడు పీనముండె రాకెట్ కేంద్రంలో పనిచేశాడు. యుద్ధం తర్వాత చేతిలో డబ్బు లేదు, మంచి లోహం దొరకదు, అయినా 1961కల్లా 125 సీసీ ఇంజినులోంచి 25 హార్స్‌పవర్ పిండాడు. లీటరుకు 200 హార్స్‌పవర్ లెక్క, టర్బో వంటిదేమీ లేకుండా. ఆ ఏడాది సెప్టెంబరులో స్వీడన్ గ్రాండ్ ప్రి రేసుకు వెళ్లిన ఎంజెడ్ రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ తిరిగి వెళ్లలేదు. బెర్లిన్ గోడ లేచి నెల దాటింది. భార్యాబిడ్డలు అప్పటికే ఒక కారులో దాక్కుని సరిహద్దు దాటారు. డెగ్నర్ తన బుర్రలో కాడెన్ విద్యనంతా పెట్టుకుని జపాన్‌లో సుజుకి గడప తొక్కాడు. మరుసటి ఏడాదే, 1962లో, 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకిదీ డెగ్నర్‌దీ అయింది. సుజుకా ట్రాక్ మీద ఒక మలుపుకు ఇప్పటికీ ఆయన పేరే. 1964లో యమహా టూ స్ట్రోక్ మీద ఫిల్ రీడ్ 250 సీసీ టైటిల్ కొట్టాడు. ఆ తర్వాతి పదేళ్లలో ఆ విద్య ఊరూరా తిరిగే చిన్న బండ్ల దాకా దిగింది. పట్టిసం రేవు దగ్గర ఆగి ఉన్న ఆర్‌ఎక్స్ సైలెన్సరును కోసి చూస్తే, పైకి మామూలు గొట్టంలా కనిపించేదాని కడుపులో వెడల్పయ్యే కోను, అడ్డు రేకులు, చివర సన్నని గొట్టం కనిపిస్తాయి. కాడెన్ లెక్కే, కాస్త మర్యాదగా దాచిపెట్టింది.

లెక్క ఎంత సులువో చూడండి. 7,500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 125 తిరుగుళ్లు. ఒక్కో తిరుగుడుకు పట్టే కాలం సెకనులో వెయ్యింట 8 వంతులు. ఎగ్జాస్ట్ పోర్టు అందులో దాదాపు సగం సేపు, అంటే 4 వంతులు తెరిచి ఉంటుందనుకోండి. ఆ కాలంలో సెకనుకు 500 మీటర్ల తరంగం 2 మీటర్లు తిరుగుతుంది. వెళ్లిరావాలి కాబట్టి గొట్టం సన్నబడే చోటు పోర్టుకు సుమారు ఒక మీటరు దూరంలో ఉండాలి. రేసు కోసం 10,000 ఆర్‌పీఎం దగ్గర శక్తి కావాలంటే కాలం తగ్గుతుంది, 6 వంతుల్లో సగం 3. గొట్టం 75 సెంటీమీటర్లు చాలు. పొడవు ఎంత తగ్గిస్తే శక్తి అంత పైకి జరుగుతుందన్నమాట.

జరుగుతుందని ఎందుకు అంటున్నానంటే, కింద ఏమవుతుందో చూడాలి. అదే గొట్టంతో 4,000 ఆర్‌పీఎం దగ్గర ఒక తిరుగుడుకు 15 వంతులు, పోర్టు ఏడున్నర వంతుల సేపు తెరిచి ఉంటుంది. తరంగం మాత్రం మూడో నాలుగో వంతులకే వెళ్లి తిరిగొచ్చేస్తుంది. ఇంకా పొగ బయటికి పోతూనే ఉంటుంది, దాన్ని తరంగం తిరిగి లోపలికి నెడుతుంది. అది వెనక్కి మళ్లిపోయాక పోర్టు చాలాసేపు ఖాళీగా తెరుచుకునే ఉంటుంది, కొత్త మిశ్రమం హాయిగా జారిపోతుంది. మేలు చేయాల్సిన తరంగమే ఇక్కడ కీడు చేస్తోంది. కోనులు ఎంత నిటారుగా ఉంటే పైన లాభం అంత, కింద నష్టం అంత. కంపెనీ సైలెన్సరులో కోను వాలు తక్కువ, అందుకే పైన కాస్త వదులుకుని కిందంతా కాపాడింది.

ఇదే సంగతిని పోలవరం వైపు ఏ షెడ్డు దగ్గర నిలబడినా ఈ రకంగా వినొచ్చు.

"బాబాయ్, కొత్త గొట్టం వేశాక ఫస్టు గేర్లో చచ్చిపోతోందండి. ఆ తర్వాత ఒక్కసారిగా ఎగిరిపోతోంది."

"అది అంతేరా. పైనుంచే పని చేస్తది. మన గట్టు రోడ్డు మీద అంత పైకి ఎక్కడ తిప్పుతావు? పాతది ఉందా, అమ్మేశావా?"

"అమ్మేశానండి."

"ఆయ్, అయితే ఇంకేటి."

టిప్పరు వెనక ఇరవై కిలోమీటర్ల వేగంతో గుంటలు తప్పించుకుంటూ నడిచే బండికి కావాల్సింది 3,000 నుంచి 6,000 ఆర్‌పీఎం మధ్య లాగే బలం. రేసు గొట్టం తీసుకెళ్లేది అదే బలాన్ని. ఆ గొట్టానికి తగిన చోటు, 1980లలో ఆర్‌ఎక్స్‌లూ రాజ్‌దూత్ 350లూ పరుగెత్తిన మద్రాసు దగ్గరి శోళవరం పాత విమానాల రన్‌వే. పేర్లు దగ్గరగా ఉన్నాయి కానీ పోలవరం రోడ్డుకూ శోళవరం రన్‌వేకూ పోలికే లేదు. ఇక గొట్టం కూడా మార్చకుండా, కంపెనీ సైలెన్సరు చివరి లోపలి గొట్టం పీకేసి తిరిగేవాళ్లున్నారు. దానివల్ల తరంగాలకు ఉన్న లెక్క తప్పుతుంది, శబ్దం పెరుగుతుంది. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది, అంతే.

పాత బండికి సైలెన్సరు విషయంలో నేను చెప్పేది వేరే ఉంది. ముప్ఫై ఏళ్ల సైలెన్సరు లోపల 2టీ ఆయిలు కాలిన మసి గట్టిపడి ఉంటుంది. ఎగ్జాస్ట్ పోర్టు అంచుల్లో కూడా అదే మసి పేరుకుని కిటికీని చిన్నది చేస్తుంది. పాత మెకానిక్కులు సైలెన్సరును కాస్టిక్ సోడాలో నానబెట్టి, పోర్టును మెత్తని రేకుతో గీకి శుభ్రం చేస్తారు. ఆ పని చేయించిన బండి ముందెప్పుడూ లేనంత లాగిందని చెబుతారు. నిజానికి 1990లో ఎలా లాగిందో అలాగే లాగుతోంది, గుర్తున్నవాళ్లు లేరంతే.

గాలి లోపలికి వచ్చే వైపు సంగతి. ఆర్‌ఎక్స్ కార్బొరేటరు గొంతు 20 మిల్లీమీటర్లు. కొందరు దాన్ని తీసి 26 మిల్లీమీటర్లది పెడతారు. గొంతు వైశాల్యం 1.7 రెట్లవుతుంది. పెద్ద దారి అంటే ఎక్కువ గాలి అనుకుంటాం, కానీ అదే ఆర్‌పీఎం దగ్గర ఇంజిను పీల్చే గాలి అంతే కాబట్టి ఆ గొంతులో గాలి వేగం 60 శాతానికి పడిపోతుంది. పెట్రోలును జెట్టులోంచి పైకి లాగేది ఆ వేగమే, లాగే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే మూడో వంతుకు వస్తుంది. పెట్రోలు తుంపరగా విడిపోకుండా బొట్లు బొట్లుగా వస్తుంది, బండి నత్తినత్తిగా నడుస్తుంది. పెద్ద కార్బొరేటరుకు పెద్ద పోర్టులు, అధిక ఆర్‌పీఎం తోడుంటేనే పని. గొట్టం కథే మళ్లీ.

కోన్ ఫిల్టరు సంగతి మాత్రం ఇంకా కఠినంగా చెప్పాలి, ఇది పోలవరం గనుక. ప్రాజెక్టు పనులు మొదలైనప్పటి నుంచీ మట్టి, రాతి పొడి మోసే వాహనాల దుమ్ము ఈ రోడ్లకు అలవాటైపోయింది. రాతి పొడిలో ఉండే సిలికా ఇనుము కంటే గట్టిది. ఫోర్ స్ట్రోకులో దుమ్ము లోపలికి పోతే సిలిండర్ గోడ, పిస్టన్ రింగులు అరుగుతాయి. టూ స్ట్రోకులో గాలి ముందు కింద క్రాంక్‌కేసులోకి వెళ్లి, ఆ తర్వాత పైకి వస్తుంది. కాబట్టి దుమ్ము మొదట తినేది క్రాంకు బేరింగులను, కనెక్టింగ్ రాడ్ కింది గుండ్లను. పైది పోతే హాఫ్ ఇంజిను పని, కిందిది పోతే ఫుల్ ఇంజిను పని. ఖర్చు తేడా ఆర్‌ఎక్స్ ఉన్నవాళ్లను అడగండి. కంపెనీ డబ్బాలో ఉండే స్పాంజి ఫిల్టరును కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కాస్త ఆయిలు పట్టించి పిండి పెడితే ఆ జిగట పొర సన్నని దుమ్మును పట్టేస్తుంది. ఈ దారికి అంతకు మించిన ఫిల్టరును ఎవరూ అమ్మలేరు.

రీడ్ వాల్వు మార్పు ఒక్కటి కాస్త నమ్మదగ్గది. క్రాంక్‌కేసులోకి గాలి వచ్చే దారిలో పల్చటి రేకులు, ఇంజిను పీల్చినప్పుడు విచ్చుకుని, నొక్కినప్పుడు మూసుకుంటాయి. 7,500 దగ్గర సెకనుకు 125 సార్లు. పాత ఉక్కు రేకులు లోహపు అలసటతో అంచు చిట్లుతాయి. ముక్క విరిగితే నేరుగా ఇంజినులోకే. ఫైబరు రేకులు తేలిక, త్వరగా కదులుతాయి, విరిగినా ఉక్కు చేసేంత విధ్వంసం చేయవు. శక్తి పెరుగుదల కొద్దిపాటే, నిశ్చింత మాత్రం ఎక్కువ.

ఇప్పుడు ఎండ, పెట్రోలు. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే మే మధ్యాహ్నం 45 ఉండే ప్రాంతం మనది. ఈ రెంటి మధ్య గాలి సాంద్రత దాదాపు పదో వంతు తగ్గుతుంది, ఇంజిను బలమూ దాదాపు అంతే తగ్గుతుంది. కార్బొరేటరుకు కళ్లు లేవు, గాలి పల్చనైనంతగా పెట్రోలు తగ్గించదు. మిశ్రమంలో పెట్రోలు పాలు ఓ ఐదు శాతం పెరుగుతుంది. అది కాస్త పొగ, కాస్త బద్ధకం తప్ప ఇంజినుకు ప్రమాదం కాదు. దీనికి ఎదురు దిక్కున ఇంకొకటి వచ్చింది. 2025 నుంచి దేశమంతటా బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం కలిపితే ఆ అంకె 13.5 దగ్గరికి దిగుతుంది. కార్బొరేటరు మాత్రం వెనకటి పెట్రోలుకు అమర్చిన జెట్టుతో వెనకటి కొలతే పోస్తుంది. ఫలితం, మిశ్రమం ఎనిమిది శాతం దాకా పల్చబడుతుంది. పల్చని మిశ్రమంతో టూ స్ట్రోక్ వేడెక్కుతుంది. మేలో ఎండ దాన్ని కొంత సరిచేస్తుంది, డిసెంబరు చలిలో ఆ ఆసరా కూడా ఉండదు. దీని మీద రేసు గొట్టమూ, కోన్ ఫిల్టరూ వేసి జెట్టు మార్చకపోతే పిస్టన్ పట్టేయడానికి అన్నీ సిద్ధం చేసినట్టే.

ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు, ఇథనాల్‌కు తట్టుకునే పెట్రోలు పైపు, కార్బొరేటరులో కొత్త రబ్బరు వాషర్లు. ముప్ఫై ఏళ్ల బండికి ఈ రోజున అన్నిటికంటే ముందు కావాల్సిన 'అప్‌గ్రేడ్' ఇదే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోడానికి మాత్రం పనికిరాదు. పని సరిగ్గా జరిగిందో లేదో ప్లగ్గు చెబుతుంది. బండిని నాలుగో గేర్లో బాగా లాగించి, క్లచ్ నొక్కి ఇంజిను ఆపి, పక్కన నిలిపి ప్లగ్గు విప్పాలి. మధ్యలోని తెల్ల పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే సరే. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం వేసినట్టు తెల్లగా, దాని మీద చిన్న మెరుపు చుక్కలుంటే ఆ బండిని నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్లడం మేలు. ఆ చుక్కలు పిస్టన్ లోంచి కరిగి ఎగిరిన అల్యూమినియం.

2టీ ఆయిలు పంపు తీసేసి, ఆయిలును పెట్రోలు ట్యాంకులోనే కలిపే అలవాటు కూడా రేసుల నుంచే వచ్చింది. కంపెనీ పంపు ఇంజిను వేగాన్నీ యాక్సిలరేటరు తిప్పుడునీ బట్టి ఆయిలు పోస్తుంది. కలిపి పోస్తే, పెట్రోలు వచ్చినప్పుడే ఆయిలు. మారేడుమిల్లి ఘాటు దిగుతున్నారనుకోండి. యాక్సిలరేటరు మూసి, గేర్లో ఉంచి వదిలేస్తాం, ఇంజిను గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. ఆయిలు కూడా. ఘాటు దిగే బండికి పంపు ఉండాల్సిందే.

ఇక బోరు. రీబోరు అనేది ఆధునీకరణ కాదు, మరమ్మతు. కానీ చాలామంది "ఒక మిల్లీమీటరు పెంచితే బండి ఎగురుతుంది" అనుకుని లేత్ షాపుకెళ్తారు. 50 ఉన్నదాన్ని 51 చేస్తే 98 సీసీ కాస్తా 102 అవుతుంది. నాలుగు సీసీలు. దాని కోసం సిలిండర్ ఆఖరి సైజు ఖర్చయిపోయింది, ఇక మళ్లీ అరిగితే కొత్త స్లీవే. 0.25, 0.50, 0.75, చివరికి 1.00. నాలుగు మెట్లు మాత్రమే ఉన్న నిచ్చెన, అరుగుదలను బట్టి ఒక్కొక్కటే ఎక్కాలి. లేత్ పనిలో అసలు విద్య సైజు పెంచడంలో కాదు, పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ వదలడంలో ఉంది. అది సుమారు 0.04 మిల్లీమీటరు. వేడి 100 డిగ్రీలు పెరిగితే 50 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది, ఇనుప సిలిండర్ అందులో సగమే పెరుగుతుంది. ఖాళీ మరీ బిగువైతే వేడికి పిస్టన్ పట్టేస్తుంది, వదులైతే టకటకమంటుంది. అందుకే తెలిసినవాడు ముందు పిస్టన్ కొని తెమ్మంటాడు. చేతిలోని పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోస్తాడు. పిస్టన్ చూడకుండా బోరు కోసే షాపు ముందు ఆగకండి. బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమనేది కూడా ఈ ఖాళీ తనంతట తాను సర్దుకోవడానికే.

ఆర్‌ఎక్స్ 135 సిలిండర్ తెచ్చి 100కు తగిలించడం ఇంకో మోజు. పిస్టన్ దూరం అదే 50, బోరు 58, మొత్తం 132 సీసీ. ఇది నిజంగా బలం పెంచే మార్పు, కింది నుంచీ లాగుతుంది. కానీ సీ బుక్కులో రాసి ఉన్న బండి ఇది కాదు. ఇక్కడ చట్టం తగులుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు అసలు రూపకల్పనకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. ఒక్కో మార్పుకు అన్నమాట గమనించండి. పట్టణాల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించడం మనం టీవీలో చూస్తూనే ఉన్నాం. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లినప్పుడు అసలు సైలెన్సరు, అసలు ఇంజిను నంబరు చూపించాలి. అందుకే పాత సామాను అమ్ముకునేవాణ్ని చూస్తే నాకు జాలి.

బలం గురించి ఇంత మాట్లాడుకునే కుర్రాళ్లు బ్రేకు గురించి మాట్లాడగా నేను విన్నది తక్కువ. బండి, మనిషి కలిపి 175 కిలోలు అనుకుందాం. 60 కిలోమీటర్ల వేగంలో ఆ బరువులో దాగి ఉన్న శక్తి 24 కిలోజౌళ్లు. 90కి వెళితే 55. వేగం ఒకటిన్నర రెట్లు, శక్తి రెండుంబావు రెట్లు. ఆ శక్తినంతా వేడిగా మార్చి వదిలించుకోవాల్సింది ముందూ వెనకా ఉన్న రెండు చిన్న డ్రమ్ములు. బాగా పట్టే బ్రేకుతో 60 నుంచి ఆగడానికి 28 మీటర్లు చాలనుకుంటే, 90 నుంచి 63 మీటర్లు పడుతుంది, మనం తేరుకుని బ్రేకు నొక్కేలోపు పోయే దూరం కాక. ఆ వేగంలో మలుపు దాటగానే గేదెల మంద ఎదురైతే ఏ సైలెన్సరూ పనికిరాదు. డ్రమ్ములో అరిగిన గాడిని లేత్ మీద సమం చేయించి, మంచి షూలు వేసి, అవి గోడకు అంతటా తగిలేలా సర్దితే ఆ పాత డ్రమ్మే మర్యాదగా ఆపుతుంది.

డిస్కు బ్రేకు కావాలని వేరే బండి ఫోర్కు మొత్తం తెచ్చి బిగించేవాళ్లుంటారు. ఆపే బలం పెరుగుతుంది, నిజమే. కానీ ఫోర్కు పొడవు, వాలు మారితే ముందు చక్రం నేలను తాకే చోటు మారుతుంది. ఆ కొద్ది మార్పుకే బండి తిన్నగా నిలబడే గుణం పోయి, వేగంలో హ్యాండిలు వణకొచ్చు. లావు టైర్ల సంగతీ ఇంతే. ఆర్‌ఎక్స్ ముందు టైరు 2.50, వెనక 2.75, అంగుళాల్లో. ఆ సన్నని రిమ్ము మీద లావు టైరు వేస్తే అంచులు లోపలికి నొక్కుకుని పైభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. చూడ్డానికి లావు, నేలను తాకేది తక్కువ.

బండి కొనడానికి వెళ్లినవాళ్లు మెరుగు పెట్టిన ట్యాంకును, క్రోమును చూస్తారు. నేనైతే ముందు వంగి టైరు పక్క గోడ చూస్తాను. అక్కడ చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 2316 అని ఉంటే ఆ టైరు 2016లో 23వ వారంలో తయారైంది. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది, తడి గట్టు మీద పట్టు దొరకదు. అంకెలే కనబడకపోతే అది ఇంకా పాతదో, అంకె చెరిపిందో. రెండు కొత్త టైర్ల ధర బేరంలోంచి తగ్గించమని అడగండి.